వెల్డింగుతోపాటు ఇది కూడా నేర్పండి: శ్రీకాకుళం జిల్లా ఐటీఐలకు బహిరంగ లేఖ

శ్రీకాకుళం జిల్లాలోని ప్రభుత్వ, ప్రైవేటు ఐటీఐల ప్రిన్సిపాళ్లకు, ఇన్‌స్ట్రక్టర్ మాస్టార్లకు,

నమస్కారం. విదేశాలకు పనికి వెళ్లే మన పిల్లలకు అక్కడి పనిచోటు పద్ధతులు, అడగడం, చెప్పడం, కాగితాలు చదవడం ముందే నేర్పమని అడగడానికే ఈ ఉత్తరం.

నాది ఉద్దానం, కంచిలి పక్క పల్లె. ఈ జిల్లాలోనే ఐటీఐ ఫిట్టర్ చదివాను. సింగపూర్ షిప్‌యార్డుల్లోనూ, ఆ తర్వాత గల్ఫ్ రిఫైనరీల్లోనూ పైపింగ్ పని చేశాను. ఫోర్‌మన్‌గా ఉండగా పని మానేసి వచ్చి ఇప్పుడు కొబ్బరితోట చూసుకుంటున్నాను. మా వైపు ఏ వీధిలో అడిగినా ఏదో ఒక ఇంట్లో వెల్డరో, ఫిట్టరో, రిగ్గరో (బరువులెత్తించేవాడు), స్కాఫోల్డరో (పరంజా కట్టేవాడు) బయట దేశంలో ఉంటాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి చెట్లనీ జీడితోటలనీ పడగొట్టాక, తోట మీదే బతుకుదామనుకున్న వాళ్లు కూడా పాస్‌పోర్టు ఆఫీసు దారి పట్టారు. కొత్తగా నాటిన కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. అప్పిచ్చినవాడు అన్నేళ్లు ఆగడు కదా.

మీ దగ్గర చదివిన పిల్లల చేతిపని మీద ఫిర్యాదు చేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మనవాడు కూర్చుని రూట్ పాస్ (పైపు అతుకులో మొదటి పొర) వేస్తే ఎక్స్‌రేకి నిలబడుతుంది. సిక్స్ జీ (ఏటవాలుగా బిగించిన పైపు అతికించే) ట్రేడ్ టెస్టులో పక్క రాష్ట్రాల వాళ్లు తడబడుతుంటే మన టెక్కలి, పలాస, సోంపేట కుర్రాళ్లు దర్జాగా పాసవడం చూసి నేను కాలరెగరేసిన రోజులున్నాయి. అందులో మీకు పూర్తి మార్కులు.

నేను చూసిన ఇబ్బందులు వేరే. చెప్పింది అర్థం కాకపోయినా తలూపేయడం. కళ్లు తిరుగుతున్నా చెప్పకుండా పని చేయడం. పక్కవాడు హార్నెస్ (పడిపోకుండా కట్టుకునే పట్టీ) హుక్కు తగిలించకుండా పైకెక్కుతుంటే చూసి ఊరుకోవడం. ఏముందో చదవకుండా కాగితం మీద సంతకం పెట్టడం. వీటివల్ల ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను, ఎముకలు విరగ్గొట్టుకున్నవాళ్లనూ చూశాను. తప్పు ఆ పిల్లలది కాదు, మనం పెంచిన పద్ధతే అది. పెద్దవాళ్లు మాట్లాడేటప్పుడు మధ్యలో నోరెత్తకూడదు. మాస్టారు చెప్పింది మళ్లీ అడిగితే క్లాసంతా నవ్వుతుంది. మేస్త్రీకి ఎదురు చెబితే రేపు పనికి పిలవడు. ఇరవై ఏళ్లు ఇలా పెరిగినవాణ్ని విమానం ఎక్కించి, దిగగానే ధైర్యంగా ప్రశ్నలడగమంటే ఎక్కడి నుంచి వస్తుంది?

ఇందుకోసం ప్రభుత్వం శిక్షణ పెట్టింది కదా అని మీరు అనవచ్చు. పెట్టింది. కానీ అది ఎవరికి అందుతోందో చూడండి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద, పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ (వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావాల్సిన) కోవలోకి వస్తుంది. వాళ్లు గల్ఫ్ దేశాలు, మలేషియా వంటి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే ప్రభుత్వ అధికారి అనుమతి ఉండాలి. ఆ దారిలో వెళ్లేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అవిటితనం వచ్చినా రూ.10 లక్షలు వస్తాయి. ప్రయాణానికి ముందు ఒక రోజు అవగాహన శిక్షణ కూడా ఉంటుంది.

ఇప్పుడు మీ అడ్మిషన్ రిజిస్టరు తీయండి. ఎనిమిదో తరగతి చదువుతో వెల్డర్ ట్రేడ్‌లో చేరినవాడు ఈసీఆర్. పది పాసై ఫిట్టర్‌లో చేరినవాడికి ఆ ముద్ర ఉండదు, ఆ అనుమతి అక్కర్లేదు, ఆ శిక్షణకు రమ్మని పిలిచేవాళ్లూ ఉండరు. ఇక మనవాళ్లు ఎగబడే సింగపూర్ ఆ 18 దేశాల జాబితాలోనే లేదు. ఎంత తమాషాగా ఉందో చూడండి. రెండక్షరాలు ఎక్కువ చదువుకున్న పాపానికి, వీడికి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదని ప్రభుత్వం అనుకుంటోంది. వాడికి తెలిసిందల్లా ఏజెంటు చెప్పిందే. ఏజెంటు చెప్పేది జీతం అంకె ఒక్కటే.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. చదివినవాడైనా, చదవనివాడైనా బయటికి వెళ్లేముందు ఒకచోట క్రమంగా కూర్చునేది మీ గదుల్లోనే.

మొదట టూల్‌బాక్స్ మీటింగ్ సంగతి చెబుతాను. పని మొదలయ్యే ముందు, ఇంకా పూర్తిగా తెల్లవారకుండానే, యార్డులో ఒక గ్యాంగుకు చెందిన వాళ్లంతా అర్ధచంద్రంగా నిలబడతారు. హెల్మెట్ పట్టీ బిగించి, హార్నెస్ తొడుక్కుని ఉంటారు. సూపర్‌వైజర్ చేతిలో ఒక కాగితం ఉంటుంది. ఈరోజు ఏ బ్లాకులో క్రేన్ ఎత్తుతుంది, ఏ ట్యాంకు మూసి ఉంది, ఏ స్కాఫోల్డింగ్‌కు ఎక్కకూడదని ఎర్ర ట్యాగ్ తగిలించారు అని గబగబా చదువుతాడు. ఇంగ్లిష్‌లో మొదలుపెట్టి మధ్యలో హిందీ, కాస్త తమిళం కలుపుతాడు. చివర్లో "ఎనీ క్వశ్చన్?" అంటాడు. ఎవరూ నోరెత్తరు. షీటు చేతులు మారుతుంది, అందరూ సంతకాలు పెడతారు. వెనక వరుసలో మనవాళ్ల గుసగుస ఇలా ఉంటుంది:

"ఏటన్నాడ్రా?"

"ఏటో. సంతకం ఎట్టీ, టీ తాగుదాం."

ఆ సంతకానికి ఎంత బరువుందో మన పిల్లలకు తెలియదు. 'నాకు చెప్పారు, నాకు అర్థమైంది' అని రాసిచ్చినట్టు అది. మధ్యాహ్నం వాడు ఎర్ర ట్యాగ్ ఉన్న స్కాఫోల్డింగ్ ఎక్కి పడితే, ఆస్పత్రికి తీసుకెళ్లిన గంటలోపే సేఫ్టీ ఆఫీసులో బయటికి తీసే మొదటి కాగితం అదే. ఆ తర్వాత ఎవరితో మాట్లాడినా ఆ కాగితాన్నే చూపిస్తారు.

నేను ఫోర్‌మన్ అయ్యాక, మీటింగ్ చివర్లో ఒకణ్ని ముందుకు పిలిచి, నేను చెప్పింది మళ్లీ చెప్పమనేవాణ్ని. ఏ భాషలోనైనా సరే. ఫిలిప్పీన్స్ వాళ్లకు ఇది మంచినీళ్లు తాగినంత సులువు. తెలియకపోతే 'బాస్, ఏ వాల్వ్? మళ్లీ చెప్పు' అని అక్కడికక్కడే అడిగేస్తారు. మనవాళ్లు మాత్రం సిగ్గుతో చచ్చిపోయేవారు. "పదిమందిలో పరువు తీసేసినావు అన్నియ్యా" అని సాయంత్రం క్యాంపులో నా మీద అలిగిన కుర్రాళ్లు ఉన్నారు. కొన్నాళ్లు పోయాక వాళ్లే ముందు వరుసలోకి వచ్చి నిలబడేవారు. అంటే నేర్పితే వస్తుంది. చావుబతుకుల మధ్య, అప్పు మెడ మీద పెట్టుకుని నేర్చుకోవడం కన్నా, మీ వర్క్‌షాప్‌లో తోటి పిల్లల నవ్వుల మధ్య నేర్చుకోవడం మేలు కదా.

రోజూ పొద్దున పది నిమిషాలు చాలు. ఇవాళ ఏ మెషీన్ రిపేరులో ఉంది, గ్రైండింగ్ ఎక్కడ చేస్తారు, గ్యాస్ సిలిండర్లు ఎక్కడున్నాయి అని మీరు చెప్పండి. ఒక పిల్లవాడితో మళ్లీ చెప్పించండి. ప్రశ్న అడిగినవాణ్ని చూసి నవ్వినవాడికి ఆ రోజు వర్క్‌షాప్ ఊడ్చే పని ఇవ్వండి.

రెండోది పర్మిట్, అంటే పని మొదలుపెట్టే ముందు తీసుకునే రాతపూర్వక అనుమతి. మన ఊళ్లో గేటు వెల్డింగ్ చేయాలంటే వైరు ప్లగ్గులో గుచ్చడమే ఆలస్యం. అక్కడి రిఫైనరీలో ఒక చిన్న బ్రాకెట్ అతికించాలన్నా హాట్ వర్క్ (నిప్పు పుట్టే పని) పర్మిట్ కావాలి. గ్యాస్ టెస్ట్ చేసేవాడు వచ్చి మీటరు పెట్టి చూడాలి. చుట్టుపక్కల మండే సామాను తీసేయాలి, తీయలేనిదాన్ని ఫైర్ బ్లాంకెట్‌తో కప్పాలి. ఆర్పే సిలిండరు పక్కన ఉండాలి. నిప్పురవ్వలు ఎటు పడుతున్నాయో చూడడానికే ఒక ఫైర్ వాచర్ నిలబడాలి, పని అయిపోయాక కూడా వాడు వెంటనే వెళ్లిపోకూడదు. ఆ ఏరియాకు బాధ్యుడైన మనిషి సంతకం పెట్టాలి. పర్మిట్‌లో రాసిన టైం దాటితే మళ్లీ మొదటి నుంచి మొదలు.

ఇదంతా అయ్యేసరికి ఒక్కోసారి రెండు గంటలు గడిచిపోతాయి. మన కుర్రాడు ఆ రెండు గంటలూ ముళ్ల మీద కూర్చున్నట్టు ఉంటాడు. ఊరికే కూర్చుంటే పని దొంగ అనుకుంటారేమోనని వాడికి టెన్షన్. ఎవరూ చూడటం లేదు కదా అని ఒక చిన్న టాక్ (చుక్క వెల్డు) వేస్తాడు. సాయంత్రానికి గేటు పాస్ తీసేసుకుంటారు, వారానికి ఇంటికి టికెట్ చేతికొస్తుంది. అంత పెద్ద శిక్షా అని ఇంటి దగ్గర వాళ్లు నమ్మరు, ఇంకేదో చేసుంటాడనుకుంటారు. వాడు చేసింది అంతే. అక్కడ ఆగడం కూడా పనిలో భాగమని, ఆ రెండు గంటలకూ జీతం ఇస్తున్నారని ముందే చెప్పి ఉంటే వాడు హాయిగా ఆగేవాడు.

నియర్ మిస్ రిపోర్టు అని ఇంకొకటి ఉంటుంది. పై నుంచి స్పానర్ జారి ఎవరికీ తగలకుండా కింద పడింది అనుకోండి. ఆ సంగతి రాసివ్వాలి. మనకిది కొండెం చెప్పడంలా అనిపిస్తుంది. 'ఎవరికీ తగల్లేదు కదా, వాడి పొట్ట కొట్టడం ఎందుకు' అంటాం. మంచి కంపెనీల్లో ఆ రిపోర్టు మనిషిని పట్టుకోవడానికి వాడరు, స్పానర్‌కు తాడు కట్టే ఏర్పాటు చేయడానికి వాడతారు. అన్ని కంపెనీలూ అంత మంచివేం కావు, అదీ చెప్పాలి పిల్లలకు. మందలింపులూ, తిట్లూ, ముఖం మాడ్చుకునే సూపర్‌వైజర్లూ అక్కడా ఉంటారు. అయినా రాసిచ్చినదానికి ఒక విలువ ఉంటుంది, నోటిమాటకు ఉండదు.

ఇప్పుడు మన జిల్లాకే సంబంధించిన ఒక మాట, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో డయాలసిస్ తెలియని ఊరు లేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆస్పత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. జబ్బుకు అసలు కారణమేంటో శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వెతుకుతూనే ఉన్నారు. ఎండలో సరిగ్గా నీళ్లు తాగకుండా గంటల కొద్దీ ఒళ్లు వంచి పనిచేయడం, డాక్టర్ని అడగకుండా ఒంటినొప్పుల మాత్రలు మింగడం కిడ్నీలకు చెరుపని మాత్రం ఏ డాక్టరైనా చెబుతాడు. సరిగ్గా ఆ రెండు పనులే మన పిల్లలు గల్ఫ్‌లో చేస్తారు.

ఎందుకు చేస్తారో నేను దగ్గరుండి చూశాను. పనిచోటుకు టాయిలెట్ దూరం. నీళ్లు తాగితే వెళ్లాలి, వెళ్తే ఫోర్‌మన్ గడియారం చూస్తాడు. అందుకని నీళ్లే తాగరు. మధ్యాహ్నానికి పెదాలు ఎండిపోయి, చొక్కా మీద చెమట ఉప్పు తెల్లగా చారలు కట్టి ఉంటుంది. తల తిరుగుతోందని చెబితే క్లినిక్‌కు పంపుతారు, ఆ పూట ఓవర్‌టైం పోతుందని భయం. రాత్రి గదికొచ్చి ఒక నొప్పుల మాత్ర వేసుకుని పడుకుంటారు. మర్నాడు మళ్లీ అదే.

ఆ దేశాల చట్టమే వీళ్లను ఎండలోంచి రమ్మంటోందని వీళ్లలో చాలామందికి తెలియదు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 దాకా ఎండలో బయట పని చేయించకూడదు. సౌదీలో అవే నెలల్లో 12 నుంచి 3 దాకా. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు చివరి వరకు ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుంచి 3.30 దాకా. ఈ నాలుగు వాక్యాలు ఒక అట్ట మీద రాసి మీ వర్క్‌షాప్ గోడకు తగిలించండి. దాని పక్కనే, ఉద్దానం నుంచి వెళ్లే ప్రతి పిల్లవాడూ బయల్దేరే ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్త) పరీక్ష చేయించుకుని ఆ కాగితం దాచుకోవాలని, సెలవుకి వచ్చినప్పుడల్లా మళ్లీ చేయించుకోవాలని రాయండి. వీసా మెడికల్‌లో ఫిట్ అని వచ్చింది కదా, ఇంకేం భయం అనుకునేవాళ్లకు ఇది గట్టిగా చెప్పాలి.

సింగపూర్‌లో ఒంట్లో బాగోకపోతే డాక్టరు దగ్గరికెళ్లి ఎంసీ (మెడికల్ సర్టిఫికెట్) తెచ్చుకోవాలి. అది చూపిస్తే సెలవు. చూపించకుండా గదిలో దుప్పటి కప్పుకుని పడుకుంటే పనికి ఎగ్గొట్టినట్టు. మన దగ్గర పక్కింటి కుర్రాడితో 'వాడికి జొరమొచ్చింది సార్' అని కబురంపితే సరిపోతుంది. అక్కడ కబుర్లు నడవవు.

మనుషుల మధ్య మెలగడం గురించి కాస్త నిష్ఠూరంగానే రాస్తాను. వీళ్లకు పని చెప్పేవాడు వయసులో చిన్నవాడు కావచ్చు, బంగ్లాదేశీ కావచ్చు, ఈజిప్టువాడు కావచ్చు. సేఫ్టీ ఆఫీసరు ఆడమనిషి కావచ్చు. ఆవిడ 'హుక్కు పెట్టు' అంటే మనవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకోవడం నేను చాలాసార్లు చూశాను. వాళ్ల దృష్టిలో అది సరదా. ఆవిడ రాసే రిపోర్టులో అది అవిధేయత. మీ ఐటీఐల్లో చదివే ఆడపిల్లలు తక్కువే అయినా ఉన్నారు. వర్క్‌షాప్‌లో వారానికొకరిని సేఫ్టీ బాధ్యురాలిగా పెట్టండి. ఆ అమ్మాయి చెబితే మెషీన్ ఆపాల్సిందే అని రూలు పెట్టండి. ఇంకేమీ బోధించక్కర్లేదు, అలవాటే అన్నీ నేర్పుతుంది.

క్యాంపు గదుల్లో ఊరి పేరుతో, కులం పేరుతో జట్లు కట్టడం ఇంకో జాడ్యం. ఎనిమిది మంది పడుకునే గదిలో కూడా ఎవరి గిన్నె ఎవరు ముట్టుకోకూడదో లెక్కలు వేసుకునే ఘనులున్నారు. పక్క మంచం మీద పాకిస్తానీ పడుకుని ఉంటాడు, వాడితో కలిసి చపాతీ తింటారు. తమ పక్కూరి వాడితో మాత్రం తినరు. ఏం చెప్పాలి వీళ్లకు?

కొన్ని చిన్న సంగతులు పెద్ద కష్టాలు తెస్తాయి. రిఫైనరీ లోపల ఫోన్‌తో ఫొటో తీయడం, రీల్ చేయడం ఉద్యోగానికే ఎసరు. అమ్మ ప్రేమగా కట్టిచ్చిన మసాలా పొట్లంలో గసగసాలు ఉంటే యూఏఈ, సౌదీ ఎయిర్‌పోర్టుల్లో అది మత్తు పదార్థాల కేసు అవుతుంది. సింగపూర్‌కు ఖైనీ పట్టుకెళ్లకూడదు. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు డాక్టరు చీటీ, అనుమతి లేకుండా గల్ఫ్‌కు తీసుకెళ్లకూడదు. రంజాన్ నెలలో పగలు నలుగురిలో తినడం, తాగడం, సిగరెట్ కాల్చడం మానుకోవాలి. ఇవన్నీ ఒక్క పీరియడ్ పని.

కాగితాల సంగతికి మాత్రం ఒక్క పీరియడ్ చాలదు. సింగపూర్ వర్క్ పర్మిట్ వచ్చేముందు ఐపీఏ (ముందస్తు ఆమోదం) అని ఒక ఉత్తరం వస్తుంది. దాన్ని కార్మికుడికి అర్థమయ్యే సొంత భాషలో, అతను బయల్దేరకముందే అందించాలన్నది అక్కడి నిబంధన. బేసిక్ ఎంత, అలవెన్సులు ఎంత, ప్రతినెలా కోతలు ఎంత అని అందులో విడివిడిగా ఉంటుంది. మన పిల్లలు చూసేది మాత్రం ఏజెంటు వాట్సాప్‌లో పంపిన మొత్తం అంకె. ఆ అంకెలో ఓవర్‌టైం కలిపేసి ఉంటుంది. బేసిక్ తక్కువైతే ఓవర్‌టైం కూడా తక్కువే వస్తుంది, ఎందుకంటే ఓవర్‌టైం గంటకు బేసిక్ మీద ఒకటిన్నర రెట్లు లెక్కగడతారు. నెలకు 72 గంటలకు మించి ఓవర్‌టైం చేయించకూడదని కూడా ఉంది. ఈ లెక్క బోర్డు మీద వేయించండి. ఫిట్టర్ ట్రేడ్ పిల్లలకు వర్క్‌షాప్ కాలిక్యులేషన్ ఎలాగూ చెబుతున్నారు కదా, రెండు లెక్కలు జీతం చీటీ మీద ఇస్తే పోయేదేముంది?

టైంషీటు కూడా అంతే. ఏ రోజు ఎన్ని గంటలు చేశాడో తన సొంత పుస్తకంలో రాసుకున్నవాడికీ, రాసుకోనివాడికీ జీతం తేడా వచ్చినప్పుడు తెలుస్తుంది. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర పెట్టుకోకూడదని యూఏఈ, సింగపూర్ చట్టాలు చెబుతున్నాయి. ఖతార్‌లో 2020 నుంచి ఉద్యోగం మారడానికి పాత యజమాని ఎన్‌ఓసీ అక్కర్లేదు. నచ్చకపోతే నోటీసు ఇచ్చి మారడం ఒక పద్ధతి. చెప్పకుండా క్యాంపు వదిలి పారిపోయి ఖల్లీవల్లీగా (కాగితాలు లేకుండా) తిరగడం ఇంకో పద్ధతి. సౌదీలో అలా వెళ్లిపోయినవాడి మీద యజమాని హురూబ్ (పారిపోయాడన్న ఫిర్యాదు) రాస్తే, తర్వాత ఇంటికి రావడానికే నానా తంటాలు పడాలి.

మోసాల గురించి పేపర్లు రోజూ రాస్తున్నాయి, నేను ఎక్కువ చెప్పను. 2024 మేలో కంబోడియా సైబర్ ముఠాల సంగతి విశాఖ పోలీసులు బయటపెట్టినప్పుడు, డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి మన ఉత్తరాంధ్ర పిల్లల్ని ఎలా అమ్మేశారో అందరూ చదివారు. మర్చంట్ నేవీ పేరుతో లక్షలు పోగొట్టుకున్న కుటుంబాలు మన తీరం పొడవునా ఉన్నాయి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు. లైసెన్సు ఉన్నవాడు తీసుకోదగ్గ సర్వీసు చార్జీ రూ.30,000, ఆపైన జీఎస్టీ. అంతకు మించి అడిగితే రసీదు అడగండి, వాడి రంగు బయటపడుతుంది. మీ కంప్యూటర్ ల్యాబ్‌లో పిల్లలతో ఒకసారి ఆ సైటు తెరిపించండి.

మీ అభ్యంతరాలు నాకు తెలుసు. సిలబస్ పూర్తి చేయడానికే టైం లేదంటారు. నిజమే. కానీ ఎంప్లాయబిలిటీ స్కిల్స్ అనే సబ్జెక్టు ప్రతి ట్రేడ్‌కూ ఉంది. అందులో రెజ్యూమె రాయడం, ఇంటర్వ్యూకి టై కట్టుకోవడం చెబుతారు. మన పిల్లల్ని టై కట్టుకుని రమ్మన్న షిప్‌యార్డు నాకైతే తగల్లేదు. ఆ గంటల్లోనే ఇవన్నీ చెప్పవచ్చు, పై నుంచి కొత్త జీవో రానక్కర్లేదు.

మేం పిల్లల్ని విదేశాలకు పంపడానికి కూర్చోలేదు, ఇక్కడి పరిశ్రమల కోసం తయారు చేస్తున్నాం అని ఒక మాస్టారు నాతో అన్నారు. సంతోషం. పైడిభీమవరం ఫార్మా యూనిట్లలో పర్మిట్ అక్కర్లేదా? మూలపేట పోర్టులో క్రేన్ కింద నిలబడేవాడికి టూల్‌బాక్స్ మీటింగ్ అక్కర్లేదా? 2024 ఆగస్టులో అచ్యుతాపురం ఫార్మా యూనిట్‌లో జరిగిన పేలుడులో పదిహేను మందికి పైగా చనిపోయారు. ఏదో తేడాగా ఉంది, పని ఆపుదాం అని ధైర్యంగా చెప్పగలిగేవాళ్లు విదేశంలోకన్నా ఇక్కడే ఇంకా ఎక్కువ అవసరం. అలా చెప్పినవాడి మాట వినే మేనేజ్‌మెంట్లు కూడా కావాలనుకోండి, వాళ్లకు వేరే ఉత్తరం రాయాలి.

చెప్పడానికి మనుషులెక్కడ అన్నది మూడో అభ్యంతరం. దీనికి జవాబు మీ ఐటీఐ గేటు బయటే ఉంది. రిగ్గింగ్ చేసి నడుం పట్టేసి వచ్చినవాళ్లు, షట్‌డౌన్ పనులకు (ప్లాంటు ఆపి చేసే మరమ్మతులకు) వెళ్లి రెండు మూడు నెలలు చేసి మళ్లీ పిలుపు వచ్చేదాకా ఇంటి దగ్గర ఉండేవాళ్లు, స్కాఫోల్డింగ్ ఇన్‌స్పెక్టరుగా చేసి వచ్చి కిరాణా కొట్టు పెట్టుకున్నవాళ్లు మన ఊళ్లలో బోలెడుమంది. వాళ్లకు బీఈడీలు లేవు, పీపీటీలు చేయడం రాదు. గుంటలకు (పిల్లలకు) మాత్రం వాళ్ల మాటే ఎక్కుతుంది. 'ఆ ట్యాంకులోకి దిగినప్పుడు నాకేటైందో తెలుసా' అని మొదలుపెడితే వెనక బెంచీలో కూడా ఎవడూ ఫోన్ చూడడు.

అధికారికంగా పిలవడానికి ఇబ్బంది ఉంటే గెస్ట్ లెక్చర్ అని రాసుకోండి. నెలలో ఒక శనివారం చాలు. తల్లిదండ్రుల్ని కూడా పిలవండి, ముఖ్యంగా తల్లుల్ని. ఎందుకంటే 'ఒరే, ఎవరితోనూ గొడవ పెట్టుకోకు, చెప్పిన పని చేసుకో, నోరు మూసుకుని డబ్బు పంపు' అని సాగనంపేది వాళ్లే. ఆ మాటను కాస్త మార్చి, 'తెలియకపోతే అడుగు, బాగోకపోతే చెప్పు' అని వాళ్లే అంటే పిల్లవాడికి అది మా పాఠాలన్నిటికన్నా ఎక్కువ.

మా మండలంలో ఇలా వచ్చి చెప్పడానికి సిద్ధంగా ఉన్నవాళ్లతో నేను ఇప్పటికే మాట్లాడాను. ఒక వెల్డర్, ఒక రిగ్గర్, ఒక ఫైర్ వాచర్, నేను. ప్రయాణ ఖర్చులు మావే. మా దగ్గర హాట్ వర్క్ పర్మిట్ నమూనా ఫారాలు, స్కాఫోల్డింగ్ ట్యాగులు, ఒక పాత హార్నెస్, పేర్లు కొట్టేసిన రెండు మూడు జీతం చీటీలు ఉన్నాయి. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం దాకా ఏ ఐటీఐ అయినా సరే, కొత్త బ్యాచ్‌కు వర్క్‌షాప్ సేఫ్టీ క్లాసులు మొదలయ్యే వారంలోనే రమ్మంటే వస్తాం. మీరు చేయాల్సింది రెండే: ఆ రోజు వెల్డింగ్ బే మాకు ఖాళీగా ఇవ్వడం, పిల్లలతోపాటు ఇన్‌స్ట్రక్టర్లు కూడా కూర్చోవడం. మేం చెప్పింది తప్పనిపిస్తే అక్కడే అడగండి, జవాబు చెబుతాం.

ఇట్లు,
కంచిలి ప్రాంతానికి చెందిన ఒక మాజీ పైపింగ్ ఫోర్‌మన్